యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి జనాన్ని రప్పించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్లబ్‌కి ప్రచారం పనులు చూస్తుంటాను. వేరే కాలేజీల వాళ్ళు, కొత్తగా టీం మేనేజర్లయిన జూనియర్లు పదే పదే అడిగే ప్రశ్నలకి జవాబులివి. మాది క్యాంపస్‌లోనే హాస్టళ్ళున్న పెద్ద యూనివర్సిటీ. సాయంత్రం బస్సెక్కి అందరూ ఇంటికెళ్ళిపోయే కాలేజీకి ఇందులో కొన్ని పనికిరావు. అలాంటి చోట ఆ సంగతి చెప్పాను.

క్రికెట్ ఊరు కదా ఇది, ఫుట్‌బాల్ చూడటానికి ఎవరొస్తారు?

ఈ మాట మీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారే అనొచ్చు. అప్పుడు ఆయనకి పాత సంగతులు గుర్తుచెయ్యండి. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీం. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఉస్మానియాలో చదువుకున్న స్కూలు మాస్టారు. ఆయన కోచింగ్‌లోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్ 1956-57లో, మళ్ళీ ఆ మరుసటి ఏడాది గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది.

అయితే ఈ చరిత్రంతా పోస్టర్ మీదికి ఎక్కించకండి. గ్రౌండ్ అడగడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళినప్పుడు, స్పాన్సర్ ముందు కూర్చున్నప్పుడు ఇది అక్కరకొస్తుంది. సెకండియర్ విద్యార్థికి చెబితే మాత్రం ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అన్నట్టు ఉంటుంది. వాడికి రేపు సాయంత్రం గ్రౌండ్‌కి ఎందుకు రావాలో చెప్పాలి.

మరి విద్యార్థులు ఎందుకు రావట్లేదు?

ఆట మీద అయిష్టంతో మానేసేవాళ్ళు తక్కువ. అదే కుర్రాళ్ళు అర్ధరాత్రి దాటాక లేచి హాస్టల్ కామన్ రూమ్‌లో ఛాంపియన్స్ లీగ్ చూస్తారు. మన మ్యాచ్‌కి రాకపోవడానికి కారణాలు చాలా మామూలువి. మ్యాచ్ ఉన్న సంగతే తెలీదు. తెలిసినా ఎన్నింటికో తెలీదు. టైము తెలిసినా అక్కడ ఒక్కడే వెళ్ళి నిలబడాలంటే మొహమాటం. టీంలో తనకి తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఎండలో కూర్చోవడానికి చోటు లేదు.

వీటిలో అన్నిటికన్నా పెద్దది ఆ నాలుగోది. యూనివర్సిటీ పేరు మీద జనం రారు. తమ ల్యాబ్ పార్ట్‌నర్ లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతున్నాడంటే వస్తారు, వస్తూ ఇంకో ఇద్దరిని తీసుకొస్తారు. మిగతా జవాబులన్నీ ఈ ఒక్క నమ్మకం మీద రాసినవే.

పోస్టర్లు, ఫ్లెక్సీలు వేయించాలా?

మెయిన్ గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ చాలు. అది విద్యార్థుల కోసం కాదు, వైస్ ఛాన్సలర్ కారు అటు వెళ్తుంది కాబట్టి. మిగిలిన డబ్బుతో టెంట్ హౌస్ నుంచి షామియానా తెప్పించండి.

పోస్టర్లు పనిచెయ్యకపోతే ఇంకెలా పిలవాలి?

మన ఇళ్ళలో పెళ్ళి పిలుపులు తెలుసుగా. పోస్టులో శుభలేఖ వస్తే ‘చూద్దాంలే’ అంటారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఉండలేరు. మ్యాచ్ కూడా అంతే.

మేం చేసేది ఇది. మ్యాచ్‌కి ముందురోజు రాత్రి డిన్నర్ టైములో ఇద్దరు ఆటగాళ్ళు జెర్సీలు వేసుకుని మెస్‌కి వెళ్తారు. టేబుల్ టేబుల్‌కీ తిరుగుతారు. మైకులో చెప్పరు, కరపత్రాలు పంచరు. ప్లేటులో పప్పు వడ్డించుకుంటున్నవాడి పక్కన నిలబడి, ‘అన్నా, రేపు నాలుగుంపావుకి మ్యాచ్ ఉంది. నేను గోల్‌కీపర్‌ని. లైబ్రరీ వెనక గేటు నుంచి వస్తే నీడలో కుర్చీలుంటాయి. రూమ్మేట్‌ని కూడా తీసుకురా’ అంటారు. నాలుగు ముక్కల్లో ఎప్పుడు, ఎవరు, ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో రావాలి అన్నీ వచ్చేశాయి. ‘ఆల్ ది బెస్ట్ బ్రో’ అని వదిలించుకోబోయేవాడిని ‘ఏ ఇయర్? ఏ బ్రాంచ్?’ అని అడగాలి. ‘మీ సివిల్ నుంచి ఇద్దరున్నారు టీంలో’ అనగానే మొహంలో తేడా కనిపిస్తుంది.

ఈ పనికి కెప్టెన్‌నే పంపాలని లేదు. బాగా ఆడేవాడికి మాటలు రాకపోవచ్చు. ఎప్పుడూ బెంచి మీదుండే సబ్‌స్టిట్యూట్‌కి హాస్టల్ అంతా స్నేహితులే ఉండొచ్చు. వాణ్ణి పంపండి.

డే స్కాలర్లే ఎక్కువున్న కాలేజీలో మెస్ బదులు మధ్యాహ్నం క్యాంటీన్. అక్కడ సీఆర్‌లని (క్లాస్ రిప్రజెంటేటివ్‌లని) పట్టుకోవాలి. క్లాసు గ్రూపులో సీఆర్ పెట్టిన మెసేజ్ చూసినట్టు ఇంకెవరి మెసేజూ చూడరు, ఇంటర్నల్స్ తేదీలు వచ్చేది అక్కడే కాబట్టి.

మ్యాచ్ ఏ రోజు, ఎన్నింటికి పెట్టాలి?

ప్రచారంలో సగం పని ఇక్కడే అయిపోతుంది. తప్పు రోజున పెడితే ఎంత పిలిచినా దండగే.

ముందు వెలుతురు లెక్క. రెండు హాఫ్‌లు కలిపి 90 నిమిషాలు, మధ్యలో 15, ఇంజురీ టైము కలుపుకుంటే రెండు గంటలకి కాస్త తక్కువ. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఐదూ నలభై ఐదు ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. ఫ్లడ్‌లైట్లు లేకపోతే మూడున్నరకి, మహా అయితే మూడూ నలభైకి మొదలుపెట్టాలి. ల్యాబులు నాలుగింటిదాకా ఉంటాయి, కాబట్టి మొదటి హాఫ్ సగం ఖాళీ గ్రౌండే. దీనికి విరుగుడు రెండే: లైట్లున్న గ్రౌండ్ సంపాదించడం, లేదా ల్యాబులు లేని రోజు చూసుకోవడం. జూన్, జూలైల్లో ఆరున్నర దాటినా వెలుతురుంటుంది, నాలుగున్నరకి హాయిగా పెట్టుకోవచ్చు, వాన కరుణిస్తే. మార్చి చివర నుంచి మే దాకా నాలుగింటికి గ్రౌండ్ పెనంలా కాలుతుంటుంది. ఆటగాళ్ళకీ మంచిది కాదు. అప్పుడు పొద్దున ఆరున్నరకి పెట్టి, జనం మీద ఆశ వదులుకోండి.

ఇక వారం. శుక్రవారం సాయంత్రం వరంగల్, కరీంనగర్, నల్లగొండ పిల్లలు సంచి సర్దుకుని బస్టాండ్‌కి పోతారు. శనివారం మిగిలినవాళ్ళు నిద్రపోతారు. మాకు బుధ, గురువారాలు కలిసొచ్చాయి. అయితే గురువారం పెట్టేముందు ఆ వారం పెద్ద హీరో సినిమా విడుదల ఉందేమో చూడండి. ప్రీమియర్ షో టికెట్ జేబులో ఉన్నవాణ్ణి గ్రౌండ్‌కి రప్పించగల శక్తి ఏ ప్రచారానికీ లేదు. ఐపీఎల్ అంత ప్రమాదం కాదు. రాత్రి మ్యాచ్ ఏడున్నరకి, ఎండ తగ్గిన రోజు చూసి సాయంత్రం పెట్టుకున్నా మనది ఆరింటికే అయిపోతుంది. ‘మన మ్యాచ్ చూసుకుని సన్‌రైజర్స్ మ్యాచ్‌కి వెళ్ళిపోవచ్చు’ అని ఆ మాటే ప్రచారంలో వాడుకోవచ్చు కూడా.

సంక్రాంతికి వారం ముందు, దసరా సెలవుల అంచున, వినాయక నిమజ్జనం రోజున, మిడ్ ఎగ్జామ్స్ ముందురోజున పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. అయినా ఏటా ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు.

మాకు అసలు సొంత గ్రౌండ్‌లో మ్యాచ్‌లే ఉండవు. ఎవరిని పిలవాలి, దేనికి?

ఇదే మన దేశంలో యూనివర్సిటీ ఫుట్‌బాల్‌కున్న అసలు ఇబ్బంది. అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ నడిపే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జోన్ల వారీగా, ఏదో ఒక యూనివర్సిటీ ఆతిథ్యంలో జరుగుతాయి. సౌత్ జోన్ టోర్నీ తమిళనాడులోనో కేరళలోనో పడితే మన టీం రైలెక్కి వెళ్ళి, ఓడితే మూడోరోజే తిరిగొస్తుంది. క్యాంపస్‌లో ఎవరికీ తెలీదు. ప్రేక్షకులు ఒక జట్టుకి అలవాటు పడాలంటే వాళ్ళ కళ్ళముందు, కొన్ని రోజుల తేడాతో, మళ్ళీ మళ్ళీ ఆడాలి.

అందుకని ముందు ఆడించండి. హాస్టళ్ళ మధ్య లీగ్ పెట్టండి, లేదా డిపార్ట్‌మెంట్ల మధ్య. పదకొండు మంది దొరకరు కాబట్టి ఏడుగురితో, హాఫ్ ఇరవై ఐదు నిమిషాలు. వారానికి ఒకే సాయంత్రం, ఎప్పుడూ అదే రోజు, అదే టైము. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టండి: యూనివర్సిటీ టీం ఆటగాళ్ళు ఒక్కో హాస్టల్ జట్టులో ఇద్దరికి మించి ఉండకూడదు. అప్పుడు వాళ్ళు అన్ని హాస్టళ్ళకీ తెలిసిన మొహాలవుతారు. సౌత్ జోన్‌కి బయల్దేరేముందు వేరే యూనివర్సిటీని ఒక ఫ్రెండ్లీకి పిలిస్తే, ఆ లీగ్‌లో కేకలేసిన జనమే ఇక్కడికీ వస్తారు. విడిగా కొత్తవాళ్ళని వెతకక్కర్లేదు.

సెవెన్స్, అంటే ఏడుగురి ఆట అనగానే ఉత్తర కేరళలోని మలబార్ గుర్తురావాలి. పంటలు కోసిన పొలాల్లో తాత్కాలిక గ్యాలరీలు కట్టి, జీపు మీద మైకు పెట్టి ఊరూరా చాటింపు వేసి, రాత్రి లైట్ల వెలుగులో ఆడిస్తారు అక్కడ. మీ క్యాంపస్‌లో మలప్పురం, కోళికోడ్ నుంచి వచ్చిన విద్యార్థులుంటే ఒక కమిటీ ఏర్పాటు చేసేముందే వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. సగం ప్రణాళిక వాళ్ళే చెబుతారు.

అంటే ఇది మలయాళీ, బెంగాలీ, ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల ఆటే కదా అని మావాళ్ళు అంటున్నారు.

సెంట్రల్ యూనివర్సిటీల్లో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. 2024 సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండ్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. డిసెంబర్ 31న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో పశ్చిమ బెంగాల్, కేరళని 1-0తో ఓడించి కప్పు పట్టుకెళ్ళింది. ఫైనల్లో మన జట్టు లేదు మరి. ఆటలో వాళ్ళు ముందున్నారు, ఒప్పుకుంటే పోయేదేం లేదు.

స్టాండ్స్‌లో మాత్రం ఒకే మూల ఒకే భాషవాళ్ళు గుమిగూడితే మిగతావాళ్ళు ఇది తమది కాదనుకుంటారు. అందుకే కూర్చునే చోటు హాస్టల్ పేరుతో విడగొట్టండి, రాష్ట్రం పేరుతో వద్దు. ఒకే హాస్టల్ బ్యానర్ కింద మిజోరం కుర్రాడు, మహబూబ్‌నగర్ కుర్రాడు కలిసి గొంతు చించుకుంటుంటే చూడటానికే బాగుంటుంది. కామెంటరీకి తెలుగు ఒకరు, హిందీ ఒకరు ఉండనివ్వండి. మూడో మనిషి ఎవరైనా సరదాగా మలయాళంలో గోల్ అరిస్తే జనానికి అదో వినోదం.

ఆట అర్థంకాని వాళ్ళని కూర్చోబెట్టడం ఎలా?

మైక్ సెట్ ఒకటి, మాట్లాడటం వచ్చిన మనిషి ఒకడు. ఫుట్‌బాల్ నియమాలు నిజానికి తేలిక, తిప్పలు పెట్టేది ఆఫ్‌సైడ్ ఒక్కటే. ‘బంతి అందించే క్షణంలో ఎదుటి గోల్ వైపు బంతినీ, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవాణ్ణీ దాటి నిలబడితే ఆఫ్‌సైడ్. ఆ చివరివాడు మామూలుగా గోల్‌కీపరే’ అని, లైన్స్‌మన్ జెండా లేచిన వెంటనే చెప్పాలి. మ్యాచ్‌కి ముందు క్లాసు పీకితే ఎవరూ వినరు. సొంత హాఫ్‌లో ఉన్నవాడికీ, త్రో-ఇన్ నుంచి బంతి అందుకున్నవాడికీ అది వర్తించదన్నది అలాంటి సందర్భం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

కామెంటేటర్ ఆటగాడి పేరుతోపాటు బ్రాంచి, హాస్టల్, ఊరు చెప్పాలి. ‘బంతి నంబర్ సెవెన్ దగ్గరుంది’ అంటే ఎవడికి పట్టింది? ‘కెమిస్ట్రీ సెకండియర్, భువనగిరి’ అంటే భువనగిరివాళ్ళు లేచి నిలబడతారు.

అమ్మాయిలు రావట్లేదు. ఏం చెయ్యాలి?

ముందు గ్రౌండ్ దగ్గర వాడుకోదగ్గ వాష్‌రూమ్ ఉందో లేదో చూడండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో కూడా. తర్వాత గ్రౌండ్ నుంచి లేడీస్ హాస్టల్ దాకా దారిలో లైట్లు వెలుగుతున్నాయా? మ్యాచ్ అయ్యేసరికి హాస్టల్ గేటు వేసేస్తారా? వార్డెన్ మేడమ్‌తో ముందే మాట్లాడి ఆ రోజుకి అరగంట అడగాలి. ఇక స్టాండ్స్‌లో బూతులు. నలుగురు తాగి అరుస్తుంటే నలభై మంది లేచి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. వాళ్ళని బయటికి పంపే ధైర్యం, అధికారం ఉన్న మనిషి ఒకరు ఉండాలి. సెక్యూరిటీ గార్డు సరిపోడు, పీడీ సార్ అయితే మేలు.

ఇవేమీ చూసుకోకుండా ‘గర్ల్స్ కూడా రండి’ అని పింక్ పోస్టర్ వేస్తే నవ్వుకుంటారు.

ఇవి అయ్యాక, అమ్మాయిల మ్యాచ్ పెట్టండి. అబ్బాయిల మ్యాచ్‌కి ముందు గంట కాకుండా అదే అసలు మ్యాచ్‌గా, మంచి టైములో. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత జట్టుకి ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల క్లబ్బుకి వెళ్ళింది. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడి పెరిగిన అమ్మాయిలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. మీ క్యాంపస్‌లోనూ ఎవరో ఉండే ఉంటారు, అడగాలి.

ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడితే చాలదా?

రీల్ చూసేవాళ్ళు వేరు, గ్రౌండ్‌కి వచ్చేవాళ్ళు వేరు. లైకులు కొట్టినవాళ్ళలో సగం మంది వేరే ఊళ్ళలో ఉంటారు. అయినా మానక్కర్లేదు. మ్యాచ్ ముందు పెట్టే ‘కమింగ్ సూన్’ డిజైన్ల కంటే మ్యాచ్ అయిన రాత్రే పెట్టే ప్రేక్షకుల ఫోటోలు బాగా తిరుగుతాయి, జనం తమ మొహం కోసం వెతుక్కుంటారు కాబట్టి. గోల్ ఫోటో ఒకటి, జనం ఫోటోలు పది. అమ్మాయిల ఫోటోలు పెట్టేముందు అడిగి పెట్టండి. తీసెయ్యమంటే మారుమాట లేకుండా తీసెయ్యండి.

వాట్సాప్‌లో మ్యాచ్ రోజున రెండే మెసేజ్‌లు: పొద్దున ఒకటి, మొదలయ్యే ముప్పావుగంట ముందు గ్రౌండ్ నుంచి తీసిన ఫోటోతో ఒకటి. అంతకు మించితే గ్రూపుని మ్యూట్ చేస్తారు.

డప్పులు, తీన్మార్ పెట్టొచ్చా?

పెట్టాలి. జనం తక్కువున్నా డప్పు మోగుతుంటే నిండుగా అనిపిస్తుంది, దారినపోయేవాడు ఆగి చూస్తాడు. అయితే డప్పు గోల్‌పోస్ట్ వెనక వద్దు, రిఫరీ విజిల్ వినపడనంతగా వద్దు, ఎవరికైనా దెబ్బ తగిలి పడిపోతే వెంటనే ఆపాలి. పరీక్షల కాలంలో లైబ్రరీకి దగ్గరైతే అసలు వద్దు. నినాదాలు మీ జట్టు గురించే ఉండాలి. అవతలి టీం కులం, ఊరు, రంగు ఎత్తిన క్షణంలో మైక్ నుంచే ఆపించండి.

టికెట్ పెట్టాలా?

వద్దు.

మరి డబ్బు ఎక్కణ్ణుంచి?

క్యాంపస్ గేటు ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్, జిరాక్స్ షాపు, మొబైల్ రిపేర్ షాపు, జిమ్. పెద్ద కంపెనీలకి మెయిళ్ళు రాస్తూ నెలలు పోగొట్టుకోకండి. ఈ షాపులాయనకి కావలసింది మన విద్యార్థులే. డబ్బు ఇవ్వలేకపోతే వస్తువు అడగండి: హాఫ్‌టైమ్‌లో పెనాల్టీ కొట్టి గోల్ వేసిన ప్రేక్షకుడికి పది దోసెల కూపన్, యాభై పేజీల జిరాక్స్ ఫ్రీ. హాఫ్‌టైమ్ పెనాల్టీ కోసమే వచ్చేవాళ్ళున్నారు, మా దగ్గర హాఫ్‌టైమ్‌కి ఎవరూ కదలరు. కాకపోతే స్పాన్సర్ పేరుతో బ్యానర్ కట్టేముందు యూనివర్సిటీ అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట మీద కట్టినవి పొద్దున్నే పీకేస్తారు.

ఫ్రీగా తిండి పెడితే జనం రారా?

వస్తారు, తిని వెళ్తారు. తర్వాతి మ్యాచ్‌కి తిండి లేదంటే రారు. క్యాంటీన్ అతన్నే టీ క్యాను, సమోసాల బుట్టతో గ్రౌండ్‌కి రమ్మనండి. అతని వ్యాపారం అతనిది. తాగునీళ్ళు మాత్రం మీరు ఉచితంగా పెట్టండి.

మా టీం ఓడిపోతూనే ఉంది. గెలిస్తేగా జనం వచ్చేది?

గెలుపు సాయం చేస్తుంది, అంతవరకే. హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్ 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే ఆడింది, సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా లేదు. కప్పు టీవీలో చూసినవాడికీ, గ్రౌండ్‌లో కూర్చోవడం అలవాటైనవాడికీ తేడా ఉంది. మీ టీం 3-0తో ఓడినా, ఆట అయ్యాక ఆటగాళ్ళు స్టాండ్స్ దగ్గరికి వచ్చి చప్పట్లు కొట్టి, మెస్‌లో పిలిచిన మనిషి కనిపిస్తే చెయ్యి కలిపి వెళ్తే, అతను మళ్ళీ వస్తాడు. తలదించుకుని నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌లోకి పోయే టీం గెలిచినా ఎవరికీ దగ్గర కాదు.

పూర్వ విద్యార్థులని ఎలా కలుపుకోవాలి?

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి పాత టీం, కొత్త టీం మ్యాచ్ పెట్టండి. పొట్టలేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టి యూట్యూబ్ లైవ్ ఇవ్వండి. మనకి సాయంత్రం నాలుగంటే న్యూజెర్సీలో చలికాలం తెల్లవారుజామున ఐదున్నర, డాలస్‌లో నాలుగున్నర. లేచి చూసేవాళ్ళు చూస్తారు. బూట్లు కొనివ్వమని, బంతులు పంపమని అడిగేది కూడా వాళ్ళనే.

ఎంతమంది వచ్చారో లెక్క పెట్టాలా?

పెట్టాలి, అదీ రెండుసార్లు: ఇరవయ్యో నిమిషంలో ఒకసారి, రెండో హాఫ్ మధ్యలో ఒకసారి. రెండో లెక్క తగ్గితే నీడో, నీళ్ళో, కామెంటరీయో ఏదో బాగాలేదు. మొదటి లెక్కే తక్కువుంటే టైము తప్పు, లేదా పిలుపు సరిగా వెళ్ళలేదు. బయటికెళ్ళేటప్పుడు కొందరిని ‘ఎవరు చెప్పారు మీకు?’ అని అడిగి రాసుకోండి. ‘పోస్టర్ చూశాను’ అనేవాడు ఎంత అరుదో మీకే తెలుస్తుంది.

సీనియర్లు పాసై వెళ్ళిపోగానే అంతా మొదటికొస్తోంది. దీనికి దారేంటి?

పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు, షామియానా రేటు, ఏ అధికారి ఏ కాగితం అడుగుతారు, ఏ మ్యాచ్‌కి ఎంతమంది వచ్చారు – ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఇన్‌స్టా ఖాతా ఒకరి సొంత ఫోన్ నంబర్ మీద ఉండకూడదు. ప్రచారం బాధ్యత ఫైనలియర్‌కి ఇవ్వకండి, ప్లేస్‌మెంట్లు మొదలవగానే మాయమవుతారు. సెకండియర్‌కి ఇచ్చి, వాడి పక్కన ఒక ఫ్రెషర్‌ని పెట్టండి. ఆ ఫ్రెషర్‌ని ఎంచుకోవాల్సింది కూడా ట్రయల్స్‌లోనే: సెలెక్ట్ కాకపోయినా మర్నాడు ప్రాక్టీస్ చూడటానికి గట్టు మీద కూర్చుంటాడే, వాడు.